బడిలో ఎక్కడ జారుతుందో ఆయమ్మకి తెలుసు

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో మా స్కూలుకి కొత్త బ్లాక్ కట్టబోతున్నాం, ఇంకా ప్లాన్ దశలోనే ఉంది. వరండాలు, మెట్లు, బాత్రూముల్లో పిల్లలు జారిపడకుండా ఏ ఫ్లోరింగ్ వేయించాలి? యాంటీ స్కిడ్ టైల్స్ వేస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు."

అనుభవం ఉంది. ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. నేను ఈ ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా ఏవోని. ఏవో అంటే పేరుకి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. పనికి వస్తే నల్లా కారినా నేనే, బస్సు ఆగినా నేనే, రెండో అంతస్తులో తేనెతుట్టె పట్టినా నేనే. మా రెండో బ్లాక్‌కి టైల్స్ ఎంచిన మహానుభావుణ్ణి కూడా నేనే. ఆ టైల్స్ మీద ఏడో తరగతి పిల్లాడు పడి గడ్డం పగలగొట్టుకున్నాడు. కాబట్టి ఇది ఇంజినీరు సలహా అనుకోకండి, ముద్దాయి వాంగ్మూలం అనుకోండి.

షాపులో ఏం జరిగిందంటే, ఏసీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, తెల్లటి రెండు బై రెండు విట్రిఫైడ్ టైల్ తెచ్చి నిలబెట్టారు. "చూడండి సార్, అద్దం లెక్క ఉంటది." నిజంగానే అందులో నా మొహం కనబడింది. మా చైర్మన్ గారికి కావాల్సిందీ అదే. అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు లోపల అడుగుపెట్టగానే ఏదో పెద్ద హోటల్ లాబీలోకి వచ్చినట్టు ఉండాలని ఆయన కోరిక. నేను ఊరుకోకుండా "జారదు కదా?" అని అడిగాను. డబ్బా మీద వేలు పెట్టి చూపించాడు, ఆర్-9 అని ఉంది. నేను దాన్ని పదికి తొమ్మిది మార్కులు అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మధ్య బతికిన బుర్ర మరి, ఇంకెలా అనుకుంటుంది?

ఆ ఆర్-9 సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పొద్దున చెప్పాలి.

జూలై నెల, రాత్రంతా ముసురు. మా బడి మొదటి గంట ఎనిమిదిన్నరకి. ఎనిమిదీ పావుకల్లా కార్లు వచ్చేస్తాయి కాబట్టి, సరిగ్గా అప్పటికి వరండాలు తళతళలాడాలని ప్రిన్సిపాల్ మేడమ్ ఆర్డర్. అంటే ఆయమ్మ ఎనిమిదింటికి బండలు తుడవాలి. (ఇంట్లో ఎంత ఖరీదైన టైల్స్ వేసినా హైదరాబాద్‌లో మనం "బండలు తుడవడం" అనే అంటాం, గమనించారా?) ముసురు రోజు తుడిచిన నేల అరగంటైనా ఆరదు. గ్రౌండ్‌లో నీళ్ళు నిలిచాయని ప్రేయర్ వరండాలోకి మార్చారు. నాలుగు వందల మంది పిల్లలు, తడి బూట్లు, తడి గొడుగులు, అప్పుడే తుడిచిన నేల. తడి తగ్గాలని నేనే గుమ్మం దగ్గర రెండు గోనెసంచులు పరిపించాను. ఆ పిల్లాడు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి గోనెసంచి మీద కాలు పెట్టాడు. సంచి వాడితో పాటు జారింది. నున్నటి టైల్ మీద తడి గోనె అంటే సబ్బు మీద సబ్బు పెట్టినట్టే అని నాకప్పటిదాకా తోచలేదు. వాడు మంచినీళ్ళ నల్లాల దాకా జారుకుంటూ పోయి, స్టీలు ట్రే అంచుకి గడ్డం కొట్టుకుని పడ్డాడు.

మూడు కుట్లు పడ్డాయి. వాడు ఏడవలేదు కూడా, ముందు చొక్కా చూసుకుని "మా అమ్మ తిడుతుంది సార్" అన్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి తిట్టలేదు, నన్ను తిట్టింది. ఆమె తిట్టింది న్యాయంగానే తిట్టింది.

వాణ్ణి ఎత్తుకొచ్చింది మా ఆయమ్మ. హాస్పిటల్ నుంచి తిరిగొచ్చాక, ఇకమీదట ఇంకా బాగా తుడవమని చెప్దామని ఆమెని పిలిచాను. సిగ్గుపడాల్సిన మాటే గానీ నిజం, నాకు అప్పటికి తోచిన పరిష్కారం అదే. ఆమె నా వైపు ఒకసారి చూసి అంది:

"సారూ, నేను పొద్దుగాల సంది నాలుగుమార్లు జారిన. నిన్న రెండుమార్లు. ఎవలన్న అడిగిన్రా?"

నా దగ్గర జవాబు లేదు. మా ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో పిల్లలు పడ్డ సంగతులు ఉన్నాయి, టీచర్లు పడ్డవి ఉన్నాయి. ఆయమ్మలు పడ్డవి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎందుకు లేదంటే, వాళ్ళు లేచి బకెట్ మళ్ళీ నింపుకుని పనిచేసుకుంటారు గనక.

ఆ సాయంత్రం బడి వదిలాక, "ఎక్కడెక్కడ జారుతుందో చూపించమ్మా" అని అడిగాను. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, కాలివేళ్ళు నేలకి నొక్కిపెడుతూ నడిచింది. నేను చాక్‌పీసు పట్టుకుని వెనకాల. "గీడ జారతది." ఇంటూ గుర్తు. "గీడ తడున్నా ఏంగాదు." ముందుకి. "గీడ వానొస్తే పానం మీదికొస్తది." ఇంటూ గుర్తు. గంటలోపు రెండు బ్లాకులూ తిరిగేశాం. పద్నాలుగు గుర్తులు పడ్డాయి. మీరు నా జవాబులో ఇంకేదీ చదవకపోయినా ఫర్వాలేదు గానీ ఇది గుర్తుపెట్టుకోండి: ఆ పద్నాలుగింట్లో తొమ్మిదింటికి టైల్‌తో సంబంధమే లేదు.

మూడు గుర్తులు మంచినీళ్ళ నల్లాల దగ్గర. బడిలో అన్నిటికన్నా తడి చోటు బాత్రూము అనుకుంటారు అందరూ. కాదు. లంచ్ గంట కొట్టాక సీసాలు నింపుకునే చోటు. అక్కడ ట్రే చిన్నది, పైపు సన్నది, నీళ్ళు పొంగి వరండా మీదికే. ఒక గుర్తు కంప్యూటర్ ల్యాబ్ బయట, ఏసీ నీళ్ళ పైపు నేరుగా వరండాలోకి వదిలేసి పోయాడు మెకానిక్కు. అక్కడ పచ్చగా నాచు కూడా పట్టింది. దాని పక్కనుంచి నేను రోజూ నాలుగుసార్లు నడుస్తాను, ఎన్నడూ చూడలేదు. రెండు గుర్తులు వరండాలో వాలు తిరగబడ్డ చోట్ల. నీళ్ళు బయటికి పోవాల్సింది పోయి క్లాసురూము గుమ్మం వైపు వచ్చి నిలుస్తున్నాయి. (వాలు గురించి ఆనాడు మేస్త్రికి నేను తెలుగులో చెప్పాను, అతను తన పనివాళ్ళకి హిందీలో చెప్పాడు, వాళ్ళు వాళ్ళ భాషలో ఏమనుకున్నారో. టైల్స్ పని జరిగేటప్పుడు మీరే ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి, భాషతో పని లేదు.) ఒకటి నా గోనెసంచి. ఒకటి భోజనాల హాలు గుమ్మం, అక్కడ సాంబారు, పెరుగు కాళ్ళకంటుకుని బయటికి వస్తాయి. ఒకటి టెర్రస్ పైపు కారే చోటు.

మిగిలిన అయిదే టైల్ పాపం, రాయి పాపం. ర్యాంపు మొదలు, మెట్ల అంచులు రెండు చోట్ల, అమ్మాయిల బాత్రూము గుమ్మం, చైర్మన్ గారి ముద్దుల రిసెప్షన్.

ఇంకొక సంగతి. పాత బ్లాక్‌లో అసలు గుర్తులే పడలేదు, ఒక్క మెట్టు తప్ప. అక్కడ ఉన్నవి పాలిష్ పట్టని తాండూరు బండలు. వికారాబాద్ జిల్లా తాండూరు చుట్టుపక్కల తవ్వే సున్నపురాయి అది. పొరలు పొరలుగా విడిపోతుంది గనక సహజంగానే సన్నటి గరుకు ఉంటుంది. మన పాత సర్కారు బళ్ళలో, తాలూకా ఆఫీసుల్లో అదో, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండో ఉండేది. "గిది పాత బండ సారూ, ఎంత తడున్నా కాలు వట్టుకుంటది" అంది ఆయమ్మ. దాన్నే మెషిన్ పాలిష్ పట్టించి వేస్తే ఆ గుణం పోతుంది, డబ్బిచ్చి మరీ పోగొట్టుకున్నట్టు. ఇంకో జాగ్రత్త: సున్నపురాయి మీద ఆసిడ్ పోయకూడదు. బుసబుస పొంగి రాయినే తినేస్తుంది.

ఇప్పుడు ఆర్-9. ఆ నెంబరు ఏమిటో తెలుసుకుందామని కూర్చుంటే తెలిసింది, అది మార్కు కాదు. జర్మనీవాళ్ళ పరీక్ష. టైల్స్ పరిచిన పలక మీద ఇంజన్ ఆయిల్ పోసి, పడిపోకుండా తాడు కట్టిన మనిషిని బూట్లతో దాని మీద నడిపిస్తూ పలకని మెల్లగా పైకి లేపుతారు. ఎంత వాలు దగ్గర జారాడన్నదే లెక్క. 6 నుంచి 10 డిగ్రీల లోపు జారితే ఆర్-9, 19 దాకా నిలిస్తే ఆర్-10, 27 దాకా అయితే ఆర్-11, అలా ఆర్-13 దాకా పోతుంది. అంటే మొదలే తొమ్మిది దగ్గర. నా టైల్ పదికి తొమ్మిది తెచ్చుకున్న పిల్ల కాదు, ఆఖరి బెంచీలో పాసుమార్కులతో గట్టెక్కిన పిల్ల. అది కూడా బూట్లు వేసుకున్న పెద్దమనిషి లెక్క. వట్టికాళ్ళకి వేరే పరీక్ష ఉంది, సబ్బునీళ్ళతో చేస్తారు. దానికి ఏ, బీ, సీ అని తరగతులు, అక్కడ సీ అంటే గట్టిది. ఇదీ బడి లెక్కకి తిరకాసే. సీ గ్రేడు వచ్చిందని ఏ అమ్మానాన్నలూ సంతోషించరు కదా.

నాకు వీటన్నిటికన్నా నచ్చింది లోలకం పరీక్ష. రబ్బరు ముక్క తగిలించిన లోలకాన్ని తడి నేల మీదుగా ఊపి వదులుతారు, నేల దాన్ని ఎంత పట్టుకుందో అంకె చెప్తుంది. 36 గానీ ఆపైన గానీ వస్తే జారే ప్రమాదం తక్కువ, 25 లోపయితే ఎక్కువ అని బ్రిటన్‌లో లెక్క. ఇందులో మేలేమిటంటే వేసేసిన నేల మీద కూడా చేయొచ్చు. మీ ఆర్కిటెక్టుని తడి మీద చేసిన పరీక్ష కాగితం తెమ్మనండి. డబ్బా మీద "యాంటీ స్కిడ్" అని అచ్చేసినంత మాత్రాన ఏమీ కాదు. ఆటో వెనకాల "దేవుడే దిక్కు" అని రాసినంత భరోసా అది.

గరుకు ఎందుకు పనిచేస్తుందో కూడా కష్టమైన విషయం కాదు. రోలు నున్నబడితే పప్పు నలగదని కక్కు కొట్టిస్తాం చూడండి, అదే. నీళ్ళు బూటు అడుగుకీ టైల్‌కీ మధ్య పొరలా నిలిస్తే కాలు నేలని తాకనే తాకదు. సన్నటి మొనలు ఉంటే అవి ఆ పొరని చీల్చుకొచ్చి బూటుని పట్టుకుంటాయి. మామూలు నీళ్ళకయితే 20 మైక్రాన్ల గరుకు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు, దాదాపు సరిపోతుందంటారు. నూనె చిక్కన కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. వంటగదికి, భోజనాల హాలుకి వరండా టైలే వేసేవాళ్ళని నేను మనుషుల్లో లెక్కవేయను.

సరే, గరుకు మంచిదని తెలిసిపోయింది కదా. వెంటనే నేను చేసిన రెండో తప్పు వినండి. బాత్రూములన్నిటికీ బాగా గరుకు టైల్ వేయించాను, వేలితో రాస్తే చర్మం లేచేటంతటిది. మూడు నెలలు ఎవరూ జారలేదు. నాలుగో నెలకి తెల్లటి టైల్ బూడిదరంగుకి వచ్చింది. మాపు దాని మీద పాకదు, దారాలు ఊడి అంటుకుంటాయి. మొనల మధ్య మట్టి, సబ్బు, ఇంకా చెప్పకూడనివి పేరుకున్నాయి. కంపు మొదలైంది. సూపర్‌వైజరు ఆసిడ్ పోయించాడు. ఆసిడ్ ఆవిరికి ఆయమ్మలకి దగ్గు. ఇంత జరిగాక చూస్తే, గరుకులో జిడ్డు నిండిపోయి ఆ టైల్ మళ్ళీ జారడం మొదలుపెట్టింది! కడగలేని గరుకు గరుకు కాదు. చివరికి తీసేసి, ఓ మోస్తరు మ్యాట్ ఫినిష్‌లో ఒకటి బై ఒకటి చిన్న టైల్స్ వేయించాం. టైల్ చిన్నదయితే సందులు ఎక్కువ, ఆ సందులు కూడా కాలికి పట్టునిస్తాయి. ఈసారి కొనేముందు మూడు రకాల శాంపిల్స్ తెచ్చి ఆయమ్మలకే ఇచ్చాను. ఒక వారం మట్టి రుద్ది, తుడిచి, సబ్బునీళ్ళు పోసి నడిచి, ఒకటి ఏరారు. నేను ఎంచినది కాదు. దాని మీద ఇప్పటిదాకా ఒక్క కంప్లయింటు లేదు.

ఇప్పుడు నా అసలు మాట. స్కూళ్ళలో పిల్లలు జారడానికి సగం కారణం టైలు కాదు, తడిగుడ్డ ఏ వేళకి పెడుతున్నారన్నదే. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను. మేము ప్రిన్సిపాల్ మేడమ్‌ని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది గానీ, పొద్దున తడిగుడ్డ మానేశాం. సాయంత్రం నాలుగున్నరకి బస్సులు పోయాక తడిగుడ్డ, పొద్దున పొడి చీపురు మాత్రమే. పొడి చీపురు తక్కువ పనేం కాదు, నున్నటి నేల మీద గ్రౌండ్ ఇసుక గోలీల్లా పనిచేస్తుంది. రెండోది ఫినాయిలు. "వాసన రావాలి" అని మూతకి మూడు మూతలు పోసి, పైన ఇంత సబ్బుపొడి చల్లి తుడిచేవాళ్ళం. మళ్ళీ మంచినీళ్ళతో తుడిచేది లేదు. ఆ సబ్బు ఆరి కంటికి కనబడని పొరలా కూర్చుంటుంది, చుక్క నీళ్ళు పడగానే లేచి కూర్చుంటుంది. ఇప్పుడు కొలిచి ఒకటే మూత, తర్వాత ఉత్త నీళ్ళతో ఇంకోసారి. దీనికి మాకు పట్టిన ఖర్చు సున్నా. మేనేజ్‌మెంట్‌కి సున్నా ఖర్చు పరిష్కారాలంటే ఎందుకో నమ్మకం ఉండదు.

ఇంకోటి. తర్వాతి ఏడాది పిల్లల్ని గోల్కొండ కోటకి తీసుకెళ్ళాం, సన్నగా చినుకులు. ఎగుడుదిగుడు రాతి మెట్లు, నూట యాభై మంది కోతిమూక. ఒక్కరు పడలేదు. వాళ్ళే మా వరండాలో పడతారు. ఎందుకంటారా? కోటలో మొదటి మెట్టు నుంచీ కాలు కిందకి చూసుకునే నడుస్తారు. బడిలో గరుకు సిమెంటు మీద పరిగెత్తుకొచ్చిన కాలికి ఒక్కసారిగా నున్నటి తడి నేల తగులుతుంది. నేల గుణం ఠక్కున మారే గీత ఉంటుంది చూడండి, పిల్లలు పడేది అక్కడే. అందుకే బాత్రూము లోపల గరుకు వేసి బయట వరండాలో అద్దం వేస్తే ప్రమాదాన్ని లోపల్నుంచి గుమ్మంలోకి మార్చినట్టే. తడి బూట్లతో బయటికి వచ్చిన నాలుగైదు అడుగుల దాకా అదే రకం ఫినిష్ కొనసాగించండి. ప్రధాన ద్వారం దగ్గర గోనెసంచి కాదు, నేలలో గుంత తీసి అమర్చే మ్యాట్ పెట్టించండి. పిల్లాడి నాలుగైదు అడుగులు దాని మీదే పడాలి.

మీరు అడిగిన మెట్లకి, వాటితో పాటు ర్యాంపులకి నా సలహా గ్రానైటే, కానీ పాలిష్ది కాదు. ఫ్లేమ్డ్ అని అడగండి. మంటతో కాల్చినప్పుడు పైనున్న గింజలు చిట్లి గరుకు తేలుతుంది. మా ర్యాంపుకి ముందు పాలిష్ గ్రానైట్ ఉండేది. 12 అడుగులకి ఒక అడుగు ఎత్తు అనే నియమం పాటించి కట్టి, పైన అద్దంలాంటి రాయి పరిచాం. వీల్‌చెయిర్ పిల్లకోసం కట్టిన ర్యాంపు మీద ఆ వీల్‌చెయిర్ తోసే ఆయమ్మే జారేది. మెట్లకయితే అంచున మూడు గాట్లు కొట్టించి అదే చాలంటారు. చాలదు, రెండేళ్ళకి గాట్లు మట్టితో పూడిపోతాయి. అంచు మొత్తం గరుకుగా ఉండాలి, రంగు కూడా వేరేగా ఉండాలి, మెట్టు ఎక్కడ అయిపోయిందో పిల్లకి కనబడాలి. అతికించే నల్ల టేపు మాత్రం మా మూడో తరగతి పిల్లలు వారంలో పీకేశారు. పైన పూసే యాంటీ స్కిడ్ ద్రావకాలు కూడా ఒకసారి వాడాం. కొన్నాళ్ళు బాగానే పనిచేస్తాయి, నడిచే దారిలో ముందు అరుగుతాయి, మళ్ళీ పూయాలని ఎవరికీ గుర్తుండదు.

బూట్ల గురించి రాయకుండా ఉండలేను. పిల్లలంతా స్కూల్లోనే కొనాలని పెట్టిన ఆ నల్ల బూట్ల అడుగు ఎప్పుడైనా తిప్పి చూశారా? గట్టి ప్లాస్టిక్కు, రెండు నెలలకి గీతలన్నీ అరిగి అట్టలా అవుతుంది. టైల్స్‌కి లక్షలు పోస్తాం, బూటు అడుగు గురించి ఒక్క మీటింగూ పెట్టం. ఇంకా ఘోరం, యోగా హాలు బయట బూట్లు విప్పించి సాక్సులతో టైల్స్ మీద నడిపించడం. వట్టికాళ్ళతో నడవనివ్వండి, లేదా బూట్లతోనే ఉంచండి.

మీది ఇంకా ప్లాన్ దశలోనే ఉందంటున్నారు కాబట్టి టైల్ క్యాటలాగు పక్కన పెట్టి ముందు నల్లాలు ఎక్కడ పెడుతున్నారో చూడండి. వరండా దారిలోంచి పక్కకి జరిపి, కింద జాలీ మూతతో కాలువ ఇవ్వండి. ఏసీ పైపులు ఎటు వదులుతారో కాగితం మీదే గీయించండి. వరండా వాలు బయటికి. ఇవన్నీ అయ్యాక ఓ ఆదివారం శాంపిల్ టైల్స్, ఒక బకెట్ సబ్బునీళ్ళు, ఒక జత అరిగిన స్కూలు బూట్లు తీసుకుని మీ పాత బ్లాక్ ఆయమ్మలతో కూర్చోండి. ఆ పూట కూలీ విడిగా ఇవ్వండి, ఊరికే పిలవకండి.

మా పద్నాలుగు గుర్తుల్లో పదమూడు చెరిగిపోయాయి. రిసెప్షన్ అలాగే ఉంది, చైర్మన్ గారు మార్చనివ్వలేదు. వానాకాలం నాలుగు నెలలూ అక్కడ గొడుగుల కోసం ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, దాని పక్కన పొడిగుడ్డ పట్టుకుని ఒక మనిషి. ఈ మధ్య ఆ మనిషికి కుర్చీ కూడా వేయించాను.